మట్టి తగలని మట్టిబండి

మా మట్టిబండికి నలభై ఎనిమిదో వారపు సంరక్షణ కార్యక్రమం ఆదివారం ఉదయం తొమ్మిది గంటల వరకు నిర్విఘ్నంగా సాగిందని అభిమానులందరికీ సవినయంగా తెలియజేసుకుంటున్నాను. తొమ్మిది దాటాక జరిగినది కూడా దాచుకోను, మనవి చేస్తాను. ముందుగా బండి ఘనత. కొన్ననాటి నుంచి ఆ ఆదివారం వరకు అది నడిచిన దూరం పదకొండు కిలోమీటర్లు. అందులో తొమ్మిది షాపు నుంచి ఇంటికి. మిగతా రెండూ వరండాలోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి వరండాలోకీ.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మట్టిబండి అంటే కొండదారుల్లో, బురదలో, రాళ్ళ మీద, రోడ్డనేది లేని చోట పోవడానికే తయారైన మోటారుసైకిలు. మాది కరెంటుది. పొగ లేదు, చప్పుడు లేదు, గేర్లు లేవు. ఒకటే సీటు కనుక వెనక ఎవరినో కూర్చోబెట్టుకుని వాళ్ళ సలహాలు వినాల్సిన అగత్యమూ లేదు. నలభై తొమ్మిదో ఏట, నా పొట్ట బెల్టు మీద నుంచి తొంగిచూడటం మొదలుపెట్టిన రోజుల్లో, సాహసజీవితం మీద నాకు ఎనలేని మోజు పుట్టింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. నేను బండి కొన్నాను.

వృత్తిరీత్యా నేను రహదారుల నిర్వహణ కార్యాలయంలో సూపరింటెండెంటును. మా దారి పాడైంది, బాగుచేయించండి మహాప్రభో అంటూ జనం పెట్టుకునే అర్జీలన్నీ మొదట నా బల్ల మీదికి వస్తాయి. వాటిని శ్రద్ధగా చదివి, మూలన నంబరు వేసి, నా కుర్చీ పక్కనున్న కట్టలో పెడతాను. ఆ కట్ట ఎత్తు ఇప్పుడు సరిగ్గా మోచేతికి వచ్చింది. కాఫీ కప్పు పెట్టుకోవడానికి చాలా వీలుగా ఉంటుంది. రోడ్లు లేని చోట నడిచే బండిని కొనుక్కునే అర్హత, ఆ రోడ్లు లేకుండా పోవడంలో తనవంతు పాత్ర పోషించిన నాకు కాక మరెవరికి ఉంటుందో చెప్పండి.

ఇక సంరక్షణ. ఆదివారం కాఫీ తాగగానే బండిని స్టాండు మీదికి ఎక్కిస్తాను. దాని మీద లేని దుమ్మును మెత్తటి గుడ్డతో తుడుస్తాను. పైపుతో నీళ్ళు గట్టిగా కొడితే వైర్ల అతుకుల్లోకి తడి పోతుంది, అందుచేత దూది తడిపి అద్దుతాను. చైను మీది పాత నూనెను టూత్‌బ్రష్‌తో రుద్ది తీసి, లింకుకో చుక్క చొప్పున కొత్త నూనె వేస్తాను. చైనును వేలితో పైకెత్తి, మూడు వేళ్ళ మందం కంటే ఎక్కువ ఊగడం లేదని నిర్ధారించుకుంటాను. చక్రాల స్పోకులను చెంచాతో ఒక్కొక్కటిగా మీటి మోత వింటాను. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మూలుగుతుంది. బ్రేకు ప్యాడ్ల మందం కొలుస్తాను. అవి అరగలేదు. అరగాలంటే బ్రేకు వేయాలి, బ్రేకు వేయాలంటే బండి కదలాలి. అయినా సరే కొలిచి, నోటుబుక్కులో 'యథాతథం' అని రాసి, తేదీ వేసి సంతకం పెడతాను. బ్యాటరీని ఎప్పుడూ నిండుగా నింపి ఉంచకూడదు, పూర్తిగా ఖాళీ కానివ్వకూడదు. వాడని రోజుల్లో అరవై శాతం దగ్గర నిలపాలి. వాడని రోజులు తప్ప మరో రకం రోజులు మా బండి ఎరగదు కాబట్టి ఏడాదిగా అరవై దగ్గరే నిలిచింది. నా బీపీ ఎంతో నాకు తెలియదు. దాని టైర్లలో గాలి ఎంతో అడగండి, నిద్రలో లేపినా చెబుతాను.

మా ఆవిడ ఈ సేవంతా గుమ్మంలోంచి చూస్తూ ఉండేది. ఒకరోజు మోకాలు పట్టుకుని, "ఏమండీ, ఇది కూడా మెట్లెక్కుతుంటే కిర్రుమంటోంది. దీనికీ ఒక చుక్క వెయ్యండి," అంది.

నేను సీసా వెనక్కి తిప్పి చూసి, "కీళ్ళకి పనికిరాదట. లోహానికి మాత్రమే అని రాసుంది," అన్నాను. వేళాకోళానికి అనలేదు. నిజంగానే చదివి చెప్పాను. ఆవిడ మోకాలు పట్టుకునే లోపలికి వెళ్ళిపోయింది.

ఇలాంటి మహనీయుణ్ణి నేనొక్కణ్ణే అని మీరు భ్రమపడవద్దు. మా పేటలో మట్టిబండ్లు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిది మందిమీ కలిసి 'కఠినమార్గ సాహసికుల సంఘం' పెట్టుకున్నాం. అధ్యక్షులు పళ్ళ డాక్టరుగారు. నేను సంరక్షణ కార్యదర్శిని. ప్రతి ఆదివారం సాయంత్రం అధ్యక్షుల వారి క్లినిక్కులో, పేషెంట్లు కూర్చునే కుర్చీల్లో కూర్చుని కఠినమార్గాల గురించి చర్చిస్తాం. చైనుకు మెత్తటి బ్రష్ వాడాలా, గట్టి బ్రష్ వాడాలా అన్న అంశం మీద అధ్యక్షులు రెండు ఆదివారాలు ప్రసంగించారు.

"మిత్రులారా! పన్నైనా, చైనైనా, పాడయ్యేది వాడకం వల్లే," అన్నారు ముగింపులో. "వాడకాన్ని అదుపులో పెట్టినవాడే అసలైన యజమాని!"

కరతాళధ్వనులు. మాలో ఒక సభ్యుడు, బట్టల షాపాయన, పోయిన వర్షాకాలంలో పొరపాటున బండిని నీటిగుంటలోంచి పోనిచ్చాడు. ఆయన్ని సంఘం నుంచి తీసేయలేదు కానీ, కొన్ని వారాల పాటు ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆ ఆదివారానికి మూడు రోజులుగా వాన పడుతోంది. వరండాలో టార్పాలిన్ కట్టుకుని, ముందు చక్రం పూర్తిచేసి వెనక చక్రం స్పోకులు మీటుతున్నాను. పదిహేడో స్పోకు దగ్గర ఉండగా గేటు ధడాలున తెరుచుకుంది. మా చెల్లెలు. రెండు వీధుల అవతలున్న ఆరోగ్యకేంద్రంలో నర్సు. రెయిన్‌కోటు మోకాళ్ళ దాకా బురద. చేతిలో మందులు చల్లగా ఉంచే చిన్న ఐసు పెట్టె.

"అన్నయ్యా, బండి తాళం ఇవ్వు."

"ఏ బండి?"

"నీకెన్ని బండ్లున్నాయి? ఇదే."

మా చెల్లెలు ఒక్క ఊపిరిలో చెప్పింది. కొండ మీద రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలున్నాయి. తెల్లవారుజామున అక్కడ ఒకమ్మాయికి కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగడం లేదు. పైన కాన్పులు చేసే ఆయమ్మ ఫోన్ చేసింది. ఇంజెక్షన్లు తీసుకుని అంబులెన్సులో బయలుదేరితే వంతెన దాటాక దారే లేదు. అక్కడి నుంచి గుడిసెలకు ఆరు కిలోమీటర్ల ఎక్కుడు. డ్రైవరు చేతులెత్తేశాడు.

"వానకి కొట్టుకుపోయిందా?" అన్నాను.

"వానకేం పాపం, మూడేళ్ళ నుంచీ కొట్టుకుపోతూనే ఉంది. మీరు బాగుచేస్తారని వాళ్ళు కూర్చున్నారు, వాళ్ళు ఓర్చుకుంటారని మీరు కూర్చున్నారు. తాళం!"

ఈ ఘట్టంలో నేను చూపిన స్థితప్రజ్ఞత గురించి చెప్పుకోవాలి. గుండె గుభేలుమన్న మాట నిజమే. కానీ అది ఆ తల్లి కోసమా, బండి కోసమా అని ఇప్పుడు నన్ను అడగకండి. "చూడమ్మా, ఛార్జింగు అరవై దగ్గరుంది. అది నిల్వ ఉంచేటప్పటి స్థాయి. బయటికి తీయాలంటే ఎనభై అయినా ఉండాలి. ఒక్క గంట పెడితే..." అన్నాను.

"ఆ అమ్మాయికి గంట లేదన్నయ్యా."

"వైర్లకి ఇప్పుడే గ్రీజు పెట్టాను, అది కాస్త ఆరాలి. వెనక చక్రంలో ఇంకా పందొమ్మిది స్పోకులు చూడాలి. బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి ఒక జాబితా ఉంది, గోడకి అంటించాను, అందులో..."

మా చెల్లెలు గోడ వైపు చూడలేదు. నా వైపు చూసింది. చిన్నప్పుడు దాని చేతిలోంచి బెలూను లాక్కున్నప్పుడు కూడా అది నన్ను అలా చూడలేదు. "అన్నయ్యా, ఇది దేనికి కొన్నావు?" అంది, మెల్లగా.

తొమ్మిది మంది సభ్యులున్న మా సంఘంలో ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ లేవనెత్తలేదు. నేను గోడ మీది జాబితాలో జవాబు వెతుక్కుంటుండగా మా ఆవిడ కిర్రుమనే మోకాలితోనే గబగబా వచ్చి, మేకుకున్న తాళం తీసి దాని చేతిలో పెట్టింది. బట్టలారేసే తాడు విప్పి ఐసు పెట్టెను సీటు వెనక కట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు నాలో వీరుడు లేచాడు. కొండదారి, వాన, ఆడపిల్ల ఒంటరిగా. "ఆగండి, మందులు నేను తీసుకెళ్తాను," అన్నాను. లోపలికి పరుగెత్తి హెల్మెట్టు, మోకాళ్ళ కవచాలు, మోచేతుల కవచాలు, ఛాతీ కవచం అన్నీ బయటికి తీశాను. ఎడమ మోకాలి కవచం కుడికాలికి పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకునేలోగా బండి అప్పటికే గేటు దాటి వీధిలో ఉంది. మా చెల్లెలు దాని పక్కన నిలబడి, "సరే రా, తొందరగా ఎక్కు. సూది ఎలా వెయ్యాలో ఆయమ్మకి ఫోన్లో చెబుతాను," అంది. ఆ నమ్మకానికి నేను తగను. అయినా ఎక్కాను.

పిడి తిప్పాను. ఏడాది పాటు నేను అపురూపంగా చూసుకున్న బండి నన్ను బొత్తిగా గుర్తుపట్టలేదు. ఎదురింటివాళ్ళ పూలకుండీల వరస దాటి, వీధి చివరి కాలవలో నన్ను దించి, తాను గట్టు మీద ఒరిగింది. వాన నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. ఛాతీ కవచం నీటిలో చక్కగా తేలుతుందని ఆనాడే తెలిసింది.

మా చెల్లెలు పరుగెత్తుకుంటూ వచ్చింది. ముందు ఐసు పెట్టె తెరిచి సీసాలు పగల్లేదని చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. "లేవగలవా?"

"లేవగలను."

"అయితే లే." బండిని నిలబెట్టి, దాని మీద కూర్చుని, పిడి మెల్లగా తిప్పి, అసలు పుట్టింది దాని మీదే అన్నట్టు వెళ్ళిపోయింది. స్కూటరు మీద ఇరవై ఏళ్ళు గుంటల రోడ్ల వెంట తిరిగిన మనిషి. ఆ గుంటల సంగతి కూడా అర్జీల్లో చదివాను.

నాకు ఇంటికి పోవాలనిపించింది. కానీ మా ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. పనిముట్ల సంచి తెచ్చి నా భుజానికి తగిలించింది. "దారిలో బండి ఆగిపోతే అది ఏం చేస్తుంది? వెనకే నడవండి," అంది. డాక్టరు చెప్పి ఏడాదైన నడక ఆ విధంగా మొదలైంది.

వంతెన దాకా బాగానే ఉంది. దాటాక, మూడేళ్ళుగా కాగితం మీద నాకు కంఠతా వచ్చిన దారిని మొదటిసారి కళ్ళారా చూశాను. అర్జీ మీద నేను రాసిన నోటులో అది 'స్వల్ప మరమ్మతులు అవసరమైన రహదారి'. స్వల్పం ఉంది, రహదారి లేదు. మొదటి మలుపు దగ్గర సగం దారి లోయలో ఉంది. రెండో మలుపు దగ్గర మిగతా సగం. 'అక్కడక్కడ గుంతలు' అని నేను రాసిన చోట ఒక గుంతలోకి దిగి, నాలుగు కాళ్ళ మీద పాకుతూ పైకి వచ్చాను. ఒకచోట జారి కూర్చున్నాను, ఇంకోచోట కూర్చుని జారాను. బురదలో ఒకే ఒక్క చక్రపు జాడ పైకి పోతూ ఉంది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఆయాసంలో కూడా ఆ జాడ చూసి టైరు గాలి సరిగ్గా పెట్టానని ముచ్చటపడ్డాను. కాస్త పైకి వెళ్ళాక ముచ్చట పోయింది. నిండు గర్భిణి ఈ దారిన దిగలేక కొండ మీదే కనాల్సి వచ్చిందన్న సంగతి అప్పుడు తట్టింది. అంతకుముందు తట్టలేదు. ఆ అర్జీ మీదే కదా రోజూ కాఫీ కప్పు పెట్టేవాణ్ణి.

పైకి చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. గుడిసె చూరు కింద మా చెల్లెలు బండరాయి మీద కూర్చుని టీ తాగుతోంది. దాని మొహం చూడగానే విషయం అర్థమైంది. "ఆగింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని. వాన తగ్గాక మంచం మీద మోసుకుని దింపుతామంటున్నారు," అంది. లోపల బిడ్డ ఏడుస్తోంది. నేను కూడా ఏడ్చాను. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బండి కూడా అదే చూరు కింద గోడకు ఆనించి ఉంది. సీటు దాకా బురద. ఒక మడ్‌గార్డు విరిగింది. పిడికి ఎవరివో తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. సీటు మీద ఒక కోడి కూర్చుని నన్ను అనుమానంగా చూసింది.

ఆ బాలింత మామగారు, తలపండిన రాళ్ళపనివాడు, నాకు మంచినీళ్ళు ఇచ్చాడు. "ఇది మీ బండేనా బాబూ? ఎంత బాగా చూసుకున్నారో! ఎక్కడా కిక్కురుమనలేదు. వస్తువుని ఇంత శ్రద్ధగా చూసుకునేవాడు మనుషుల్ని ఇంకెంత బాగా చూసుకుంటాడో అనుకున్నాం."

మా చెల్లెలు టీ గ్లాసును మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్క మాట బాబూ, మీలాంటివాళ్ళకి పెద్దాఫీసుల్లో తెలిసినవాళ్ళుంటారు. మా దారి కాగితం అక్కడెవడో మూడేళ్ళ నుంచి కింద పెట్టుకుని కూర్చున్నాడంట. వాడెవడో కాస్త కనుక్కుని చెప్తారా? కొట్టం, తిట్టం. ఒక్కసారి ఇటు తీసుకొచ్చి నడిపిస్తాం, అంతే."

"కనుక్కుంటాను," అన్నాను. అబద్ధమాడలేదు. వెతుకులాటలో నాకు ఏ ఇబ్బందీ కలగదని ఆ క్షణంలోనే తెలుసు.

సోమవారం ఉదయం మోచేతి ఎత్తు కట్టలోంచి ఆ అర్జీ లాగాను. పైన గుండ్రంగా కాఫీ మరక. అడుగున నలభై ఒక్క వేలిముద్రలు. 'స్వల్ప' అన్న మాట కొట్టేసి, మలుపు మలుపుకీ నేను చూసింది రాసి, 'స్వయంగా నడిచి చూశాను' అని కింద సంతకం పెట్టి పెద్ద ఆఫీసరుగారి గదికి పట్టుకెళ్ళాను. ఆయన ఆశ్చర్యపోయారు. మా కార్యాలయంలో స్వయంగా నడిచి చూడటం అనే పద్ధతి ఇంతవరకు లేదు. అలాంటి పద్ధతి ఉండవచ్చునా అని పై కార్యాలయానికి రాసి తెలుసుకుంటామన్నారు.

ఈలోగా వార్త పొక్కింది. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. బురద పట్టిన బండి సంగతి విని తల్లడిల్లిన అధ్యక్షుల వారు, పత్రికవాళ్ళు ఫొటో తీయడానికి వస్తున్నారని తెలియగానే తేరుకున్నారు. సభ్యులందరూ కలిసి రెండు గంటలు శ్రమించి బండిని అద్దంలా కడిగారు. వచ్చిన ఫొటోగ్రాఫరు పెదవి విరిచి, "కొండెక్కి వచ్చినట్టు లేదండీ, కాస్త మట్టి ఉంటే బాగుండేది," అన్నాడు. అధ్యక్షుల వారు క్లినిక్కు ముందున్న క్రోటన్ కుండీలోంచి మట్టి తెప్పించి, జల్లెడ పట్టించి, రాళ్ళు లేవని చూసుకుని, మెత్తటి బ్రష్‌తో స్వయంగా పూశారు. ఫొటోలో తొమ్మిది మందిమీ ఉన్నాం. మా చెల్లెలు లేదు, దానికి ఆరోజు డ్యూటీ ఉంది. 'కొండంత సాహసం' అని శీర్షిక పెట్టారు. కవచాలన్నీ తొడుక్కుని మధ్యలో నిలబడింది నేనే. ఈసారి ఏ మోకాలిది ఆ మోకాలికే పెట్టుకున్నాను.

బండి తాళం మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు. మంగళ, శుక్రవారాల్లో మా చెల్లెలు తల్లీబిడ్డల్ని చూడటానికి దాని మీదే కొండెక్కుతోంది. ఆదివారం నాకు అప్పగిస్తుంది. చైనులో ఇసుక, ప్యాడ్ల మీద అరుగుదల, వంగిన స్పోకులు. ఇప్పుడు నా నోటుబుక్కులో 'యథాతథం' అనే మాట కనబడదు. చేతులు గ్రీజుతో ఉండగానే భోజనానికి పిలుపు వస్తోంది. మా ఆవిడను మోకాలి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. ఆయన లోహానికి కాకుండా కీళ్ళకి పనికొచ్చేదే రాశాడు.

పెద్ద ఆఫీసరుగారి బల్ల మీద నా నోటు పదిహేను రోజులు కదలకుండా ఉంది. పదహారో రోజున ఆయన నన్ను పిలిచి, ఇంకో అర్జీ నా ముందు పెట్టారు. పేటలోని పౌరులు సమర్పించుకున్నది. కొండమీది దారి ఈ ప్రాంతంలో మిగిలిన ఏకైక సహజ కఠినమార్గమనీ, పత్రికలో వచ్చిన నాటి నుంచి దానికి ఖ్యాతి పెరిగిందనీ, దాన్ని చదునుచేసి తారు పోస్తే సాహసస్ఫూర్తి నశిస్తుందనీ, అందుచేత దానిని ఉన్నది ఉన్నట్టుగా పరిరక్షించాలనీ అందులో కోరారు. "ఒకవైపు నలభై ఒక్కమంది, ఇటు నాలుగు వందల ముప్ఫై మంది. నేను ప్రజాభిప్రాయాన్ని కాదనగలనా?" అన్నారు ఆఫీసరుగారు, నిజంగా బాధపడుతూ.

మొదటి సంతకం నాదే. ఫొటో పత్రికలో వచ్చిన వారం హడావిడిలో సంఘంలో ఎవరో కాగితం చేతికిస్తే, బ్రష్‌ల గురించి అనుకుని చదవకుండా పెట్టేశాను. ఆఫీసరుగారి ముందే నా సంతకం నేనే కొట్టేశాను. నాలుగు వందల ఇరవై తొమ్మిది మిగిలాయి. అవి పెట్టినవారిలో ఒక్కరు కూడా ఆ దారిన నడిచినవారు కారు. వాళ్ళందరినీ ఒక్కొక్కరుగా కలిసి, సంతకం వెనక్కి తీసుకోమని బతిమాలుకుందామని జాబితా ఇంటికి తెచ్చుకుని వీధుల వారీగా రాసుకుంటున్నాను. రెండో పేజీ మధ్యలో మీ సంతకం కనిపించింది. చేతిరాత ముత్యాల్లా ఉంది. రేపు సాయంత్రం వస్తాను, ఇంట్లోనే ఉండండి.